ధమనీ కాఠిన్యంలో భక్షక కణాల పాత్ర: 'పూడిక' అనే తెలుగు భావన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

గుండె రక్తనాళాలలో కొవ్వు చేరడాన్ని తెలుగులో 'పూడిక' అంటున్నాం. పత్రికల ఆరోగ్య పుటలలోనూ, ఆసుపత్రి సంభాషణలలోనూ ఈ మాట స్థిరపడింది. అర్థం సులభంగా అందడం దీని బలం. అయితే వ్యాధి నడిచే తీరును ఈ మాట మరుగుపరుస్తుంది. ధమని గోడలో జరిగేది మట్టి పేరుకోవడం వంటి నిర్జీవ క్రియ కాదు. శరీర రక్షణకు పుట్టిన భక్షక కణాలు కొలెస్టరాల్‌ను మింగి, అరిగించుకోలేక, అక్కడే మరణించడం ఈ వ్యాధికి కేంద్రం. ఈ క్రమాన్ని దశలవారీగా వివరించడం, ఆ వెలుగులో 'పూడిక', 'ధమనీ కాఠిన్యం' అనే రెండు మాటల పరిమితులను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రధాన పదాలు: ధమనీ కాఠిన్యం, పూడిక, భక్షక కణాలు, నురగ కణాలు, కొలెస్టరాల్, గ్రాహకాలు, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:

ఓరుగల్లు ప్రాంతం చెరువుల ప్రాంతం. పాకాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలపు చెరువుల కింద నేటికీ సేద్యం సాగుతున్నది. ఇక్కడి రైతుకు 'పూడిక' అనే మాటను ఎవరూ వివరించనక్కరలేదు. వాన నీటితో కొట్టుకొచ్చిన ఒండ్రు చెరువు అడుగున చేరుతుంది, లోతు తగ్గుతుంది, నిలిచే నీరు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా 'మిషన్ కాకతీయ'ను ప్రారంభించిన తర్వాత 'పూడికతీత' అనే మాట ఊరూరా మరింతగా వినిపించింది.

ఈ మాటే గుండె రక్తనాళాలకూ వర్తించింది. 'మూడు నాళాల్లో పూడికలున్నాయి', 'పూడిక డెబ్బై శాతం' వంటి వాక్యాలు ఇప్పుడు సామాన్య వ్యవహారంలో ఉన్నాయి. ఒక రంగంలోని మాట మరొక రంగానికి వెళ్ళినప్పుడు తన వెంట తన తర్కాన్ని కూడా తీసుకువెళుతుంది. 'పూడిక' తనతో నాలుగు భావనలను మోసుకువచ్చింది. అవి: (అ) ప్రవాహంలో కొట్టుకొచ్చినది తనంతట తాను అడుగున కూర్చుంటుంది. (ఆ) అది ప్రాణం లేనిది. (ఇ) ఎంత పేరుకుంటే అంత ప్రమాదం. (ఈ) తీసేస్తే పని పూర్తవుతుంది. ధమని విషయంలో ఈ నాలుగూ సరికావు.

ఇది కేవలం పదచర్చ కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో సంభవించిన 1,354 మరణాలను 'ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్' పరిశోధకులు పరిశీలించారు. 2006లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులు కారణం. సాంక్రమిక వ్యాధుల వాటా అందులో సగం కన్నా తక్కువ. గుండెపోటు పట్టణ సంపన్నుల జబ్బు అనే అభిప్రాయాన్ని పల్లె లెక్కలే తోసిపుచ్చాయి. 52 దేశాలలో జరిగిన 'ఇంటర్‌హార్ట్' పరిశోధన దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకు, ఇతరులకు దాదాపు 59 ఏళ్ళకు వస్తున్నదని తేల్చింది. ఇంతమందిని తాకే వ్యాధిని మనం ఏ మాటతో అర్థం చేసుకుంటున్నామన్నది పరిశీలించదగిన విషయం.

2. పేరులోని రెండు సగాలు:

ఈ వ్యాధికి 'అథెరోస్క్లెరోసిస్' అనే పేరును జర్మన్ వైద్యుడు ఫెలిక్స్ మార్కాండ్ 1904లో ప్రతిపాదించాడు. గ్రీకులో 'అథెరే' అంటే గంజి, జావ. 'స్క్లెరోస్' అంటే గట్టిది. మన మాటలలో చెప్పాలంటే ఒక సగం అంబలి, మరో సగం కాఠిన్యం. వ్యాధి సోకిన ధమనిని కోసి చూసినప్పుడు లోపల మెత్తని జావ వంటి పదార్థం, దానిపై గట్టి కప్పు కనిపించడమే ఈ పేరుకు మూలం.

తెలుగులో స్థిరపడిన 'ధమనీ కాఠిన్యం' రెండో సగాన్ని మాత్రమే నిలుపుకున్నది. అంబలి జారిపోయింది. పైగా ఈ మాట రెండు వేర్వేరు స్థితులను కలిపివేస్తుంది. ధమని గోడ సాగే గుణం కోల్పోయి బిరుసెక్కడం ఒకటి. గోడలో కొవ్వుతో కూడిన ఫలకం ఏర్పడటం మరొకటి. హైదరాబాదు పరిసర గ్రామాలలో 1987–90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అనుబంధ పోషకాహారం అందించి, ఆ పిల్లలను కౌమారంలో మళ్ళీ పరీక్షించిన అధ్యయనం ఒకటి 2008లో వెలువడింది. ఆహారం అందిన గ్రామాల పిల్లలలో ధమనుల బిరుసు కొంత తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. అక్కడ కొలిచినది మొదటి స్థితిని. ప్రస్తుత వ్యాసం చర్చించేది రెండవ దానిని, అంటే పేరులో జారిపోయిన అంబలిని. ప్రాణాపాయం ప్రధానంగా అందులోనే ఉన్నది.

3. గోడలోకి కొలెస్టరాల్ ప్రవేశం:

కొలెస్టరాల్ నీటిలో కరగదు. అందువల్ల రక్తంలో అది ఒంటరిగా ప్రయాణించదు. కాలేయం తయారుచేసిన కణికల ద్వారా ప్రయాణిస్తుంది. వాటిలో 'ఎల్.డి.ఎల్.' అనే తక్కువ సాంద్రత కణిక ముఖ్యమైనది. దీని వ్యాసం దాదాపు 22 నానోమీటర్లు. కణిక గర్భంలో సుమారు 1,500 కొలెస్టరాల్ ఎస్టర్ అణువులు ఉంటాయి. వాటి చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల పొర, ఆ పొరను చుట్టుకొని 'అపో-బి 100' అనే ఒకే ఒక పెద్ద ప్రోటీను ఉంటాయి.

ధమని గోడకు రక్తం వైపున ఒకే వరుస కణాలతో కూడిన పలుచని అస్తరు ఉంటుంది. ఎల్.డి.ఎల్. కణికలు ఈ అస్తరును దాటి లోపలి పొరలోకి చేరుతూ ఉంటాయి. రక్తంలో వాటి సంఖ్య ఎంత ఎక్కువైతే చేరేవి కూడా అంత ఎక్కువ. చేరినవన్నీ తిరిగి వెళ్ళవు. గోడలోని ప్రోటియోగ్లైకాన్ అణువులకు అపో-బి ప్రోటీను విద్యుదావేశ ఆకర్షణతో అంటుకుంటుంది. ఈ 'చిక్కుబడటమే' వ్యాధికి తొలిమెట్టు అని విలియమ్స్, టబాస్ అనే శాస్త్రజ్ఞులు 1995లో సిద్ధాంతీకరించారు.

ఇక్కడే పూడికతో పోలిక మొదటిసారి విఫలమవుతుంది. చెరువులో ఒండ్రు అడుగున, నీటికి ఎదురుగా పేరుకుంటుంది. ధమనిలో కొవ్వు రక్తం పారే మార్గంలో పేరుకోదు. అస్తరుకు ఆవల, గోడ లోపల చేరుతుంది. చెరువు భాషలోనే చెప్పాలంటే ఇది అడుగున చేరిన మట్టి కాదు, కట్ట లోపల మొదలైన మార్పు.

ధమనులన్నింటా ఇది సమానంగా జరగదు. నాళం చీలే చోట, వంపు తిరిగే చోట రక్తప్రవాహం సుడులు తిరుగుతుంది. అక్కడి అస్తరు కణాలు బలహీనపడి ఉంటాయి. ఫలకాలు ముందుగా అక్కడే మొదలవుతాయి. పొగ, అధిక రక్తపోటు, మధుమేహం ఈ బలహీనతను పెంచుతాయి.

4. భక్షక కణాల రాక:

గోడలో చిక్కుబడిన ఎల్.డి.ఎల్. యథాతథంగా ఉండదు. ఆక్సీకరణం చెందుతుంది, ఎంజైముల తాకిడికి రూపం మార్చుకుంటుంది. ఈ మార్పును అస్తరు కణాలు ప్రమాద సంకేతంగా గ్రహిస్తాయి. తమ ఉపరితలంపై 'వి-క్యామ్ 1' వంటి అంటుకునే అణువులను ప్రదర్శిస్తాయి. రక్తంలో తిరిగే మోనోసైట్లనే తెల్ల కణాలు వాటిని పట్టుకొని ఆగి, అస్తరు సందుల గుండా గోడలోకి దూరుతాయి. అక్కడ రూపాంతరం చెంది స్థూల భక్షక కణాలవుతాయి. వీటినే మాక్రోఫేజులు అంటారు.

భక్షక కణాల భావన ఇల్యా మెచ్నికోవ్‌ది. ఆయన 1882లో సిసిలీ ద్వీపంలోని మెస్సినాలో పారదర్శకమైన నక్షత్ర చేప డింభకానికి ముల్లు గుచ్చి, దాని చుట్టూ సంచార కణాలు మూగడం చూశాడు. పరాయి వస్తువును కణం మింగడం ఒక రక్షణ విధానమని ప్రతిపాదించాడు. 1908లో నోబెల్ బహుమతి పొందాడు.

ధమనీ వ్యాధికి ఈ కణాలకు గల సంబంధాన్ని చూపే తొలి ఆధారాలు సెయింట్ పీటర్స్‌బర్గ్ నుండి వచ్చాయి. నికొలాయ్ అనిచ్కోవ్, సెమ్యోన్ హలాతోవ్‌లు 1913లో కుందేళ్ళకు పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్టరాల్‌ను తినిపించారు. వాటి ధమనులలో మానవ వ్యాధిని పోలిన మచ్చలు ఏర్పడ్డాయి. సూక్ష్మదర్శినిలో ఆ మచ్చలలో కొవ్వు బిందువులతో నిండిన కణాలు కనిపించాయి. అంటే కొలెస్టరాల్ గోడలో విడిగా పేరుకోలేదు, కణాల కడుపులో ఉన్నది. ఈ పరిశీలన ప్రాముఖ్యం పూర్తిగా తెలియడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది.

5. మింగే ద్వారాలు – గ్రాహకాలు:

అమెరికాలోని డల్లాస్ నగరంలో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టెయిన్‌లు 1970లలో ఎల్.డి.ఎల్. గ్రాహకాన్ని కనుగొన్నారు. 1985లో నోబెల్ బహుమతి పొందారు. కణ ఉపరితలంపై ఉండే ఈ గ్రాహకం ఎల్.డి.ఎల్.ను పట్టి లోపలికి చేరుస్తుంది. దీనికి ఒక క్రమశిక్షణ ఉన్నది. కణానికి తగినంత కొలెస్టరాల్ సమకూరగానే గ్రాహకాల తయారీ తగ్గిపోతుంది. కడుపు నిండినవాడు విస్తరి మూసినట్లు కణం ద్వారాలు మూసుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురైంది. ద్వారాలు మూసుకునే కణాలలో అంత కొలెస్టరాల్ ఎలా నిండుతుంది? జన్యులోపం వల్ల ఈ గ్రాహకాలు పనిచేయని పిల్లల ధమనులలో సైతం కొవ్వు నిండిన భక్షక కణాలు విస్తారంగా ఉన్నాయి. కనుక మరో ద్వారం ఉండి తీరాలి.

గోల్డ్‌స్టెయిన్, హో, బసు, బ్రౌన్‌లు 1979లో ప్రచురించిన పత్రం ఆ ద్వారాన్ని చూపింది. ఈ నలుగురిలోని సందీప్ కుమార్ బసు తర్వాత ఢిల్లీలోని జాతీయ రోగనిరోధక శాస్త్ర సంస్థకు సంచాలకులయ్యారు. మామూలు ఎల్.డి.ఎల్.ను ఇచ్చినప్పుడు భక్షక కణాలు కొద్దిగానే గ్రహించాయి. రసాయనికంగా ఎసిటైల్ సమూహాలు చేర్చి ఇచ్చినప్పుడు మాత్రం ఆపకుండా మింగి కొవ్వుతో నిండిపోయాయి. రూపం మారిన ఎల్.డి.ఎల్.ను పట్టే ఈ గ్రాహకాలకు 'స్కావెంజర్ గ్రాహకాలు' అనే పేరు వచ్చింది. చెత్తను ఏరివేసేవి అని దాని భావం. శరీరంలో ఎసిటైల్ మార్పు జరగదు గాని, ఆక్సీకరణం వల్ల వచ్చే మార్పు ఇదే ఫలితాన్ని ఇస్తుందని 1980లలో డేనియల్ స్టైన్‌బర్గ్ బృందం, ఇతరులు నిరూపించారు. 1990లో 'ఎస్.ఆర్.-ఎ' గ్రాహకం జన్యువును వేరుచేశారు. 1993లో 'సి.డి. 36' అనే ప్రోటీను ఆక్సీకృత ఎల్.డి.ఎల్.కు గ్రాహకమని గుర్తించారు. ఎలుకల కణాలపై 2002లో జరిగిన ప్రయోగంలో రూపం మారిన ఎల్.డి.ఎల్.లో 75 నుండి 90 శాతం ఈ రెండు ద్వారాల గుండానే లోపలికి చేరినట్లు తేలింది.

స్కావెంజర్ గ్రాహకాలకు పైన చెప్పిన క్రమశిక్షణ లేదు. కణం నిండినా ఇవి మూసుకోవు. సి.డి. 36 విషయంలో పరిస్థితి మరీ విపరీతం. మింగిన ఆక్సీకృత కొవ్వే 'పీపార్-గామా' అనే నియంత్రకం ద్వారా సి.డి. 36 తయారీని పెంచుతుంది. తిన్నకొద్దీ నోళ్ళు పెరుగుతాయి.

ప్రకృతి ఇటువంటి ద్వారాన్ని ఎందుకు అమర్చింది? చనిపోతున్న కణాల పొరలపై కూడా ఆక్సీకృత ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి. వాటిని గుర్తించి శిథిలాలను తొలగించడం భక్షక కణం విధి. ఆ పని మధ్యలో ఆగకూడదు కనుక ద్వారాలు మూసుకోవు. ఆక్సీకరణం చెందిన ఎల్.డి.ఎల్. అదే గుర్తుతో ఎదురుపడుతుంది. భక్షక కణం తన ధర్మాన్నే పాటిస్తుంది. ఆ ధర్మపాలన వల్లనే వ్యాధి పెరుగుతుంది.

అయితే చిత్రం ఇంత సరళం కాదని చెప్పే ఆధారాలు కూడా ఉన్నాయి. ఈ రెండు గ్రాహకాలలో ఏదో ఒకటి లేని ఎలుకలలో నురగ కణాలు ఏర్పడుతూనే ఉన్నాయని 2005లో ఒక బృందం చూపింది. భక్షక కణం తన చుట్టూ ఉన్న ద్రవాన్ని గుక్కలుగా మింగుతూ మామూలు ఎల్.డి.ఎల్.ను కూడా లోపలికి తీసుకోగలదని వేరే ప్రయోగాలు తెలిపాయి. ఆక్సీకరణాన్ని అడ్డుకుంటుందన్న ఆశతో 9 వేలకు పైగా వ్యక్తులపై జరిపిన విటమిన్-ఇ పరీక్ష 2000 సంవత్సరంలో ఫలితం లేకుండా ముగిసింది. గోడలోని మృదుకండర కణాలు సైతం కొవ్వు మింగి నురగ కణాలుగా మారతాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఒక ద్వారం మూస్తే వ్యాధి ఆగదు. ద్వారాలు అనేకం.

6. కణం లోపల – అరగని ముద్ద:

మింగిన ఎల్.డి.ఎల్. లైసోజోమ్ అనే జీర్ణకోశికకు చేరుతుంది. ప్రోటీను అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. కొలెస్టరాల్ ఎస్టర్ నుండి కొవ్వు ఆమ్లం విడిపోయి స్వేచ్ఛా కొలెస్టరాల్ మిగులుతుంది. అసలు సమస్య ఇక్కడ మొదలవుతుంది. భక్షక కణం బాక్టీరియాను మింగితే దానిని ముక్కలుచేసి వాడుకోగలదు. కొలెస్టరాల్ అణువులోని నాలుగు వలయాల నిర్మాణాన్ని విడగొట్టే ఎంజైములు మానవ కణాలలో లేవు. కాలేయం కూడా దానిని పిత్తామ్లాలుగా మార్చి బయటికి పంపుతుందే గాని వలయాలను ఛేదించదు. భక్షక కణం అరిగించుకోలేని దానిని మింగింది.

అప్పుడు దానికి రెండు మార్గాలు ఉంటాయి. ఒకటి దాచుకోవడం. స్వేచ్ఛా కొలెస్టరాల్ మోతాదు మించితే కణానికి విషం కనుక, 'ఎకాట్-1' అనే ఎంజైము దానికి మళ్ళీ కొవ్వు ఆమ్లాన్ని జోడించి బిందువులుగా నిలువచేస్తుంది. కణజాలాన్ని పరీక్షకు సిద్ధం చేసేటప్పుడు ద్రావణులలో ఈ కొవ్వు కరిగిపోతుంది. బిందువుల చోట ఖాళీలు మిగిలి కణం నురుగుముద్దలా కనిపిస్తుంది. 'నురగ కణం' అనే పేరుకు కారణం ఇదే.

రెండవ మార్గం బయటికి పంపడం. కణ పొరలోని 'ఏ.బి.సి.ఏ.-1', 'ఏ.బి.సి.జి.-1' అనే వాహకాలు కొలెస్టరాల్‌ను హెచ్.డి.ఎల్. వర్గపు కణికలకు అందిస్తాయి. అవి దానిని కాలేయానికి చేరుస్తాయి. 1999లో టాంజియర్ వ్యాధికి కారణం ఏ.బి.సి.ఏ.-1 జన్యులోపమని తేలడంతో ఈ మార్గం ప్రాముఖ్యం స్పష్టమైంది. ఆ రోగులలో హెచ్.డి.ఎల్. దాదాపుగా ఉండదు. గవదబిళ్ళలు కొలెస్టరాల్ నిండిన భక్షక కణాలతో నారింజ రంగుకు మారతాయి.

రాక, పోక సమంగా ఉన్నంతకాలం భక్షక కణం హాని చేయదు. ఎలుకలపై 2018లో జరిగిన పరిశోధనలు కొవ్వు నిండిన నురగ కణాలకన్నా నిండని భక్షక కణాలే ఎక్కువ ఉద్రేకకారకాలని చూపాయి. కొవ్వును భద్రంగా దాచగలగడం కొంతమేరకు రక్షణే. దాచే శక్తి, పంపే శక్తి రెండూ మించిపోయినప్పుడు అపాయం మొదలవుతుంది.

7. మరణం, అంబలి, పగులు:

స్వేచ్ఛా కొలెస్టరాల్ పెరిగిన కణంలో అంతర్గత వ్యవస్థలు దెబ్బతింటాయి. కొంత కొలెస్టరాల్ సూదుల వంటి స్ఫటికాలుగా మారుతుంది. ఈ స్ఫటికాలు కణంలోని 'ఎన్.ఎల్.ఆర్.పి.-3' అనే హెచ్చరిక యంత్రాంగాన్ని మేల్కొల్పుతాయని 2010లో వెల్లడైంది. దాని ఫలితంగా 'ఇంటర్‌ల్యూకిన్-1 బీటా' విడుదలై మరిన్ని తెల్ల కణాలను పిలుస్తుంది. వచ్చినవి మింగుతాయి, నిండుతాయి, మరణిస్తాయి. మామూలుగా మృతకణాలను ఇరుగుపొరుగు భక్షక కణాలు తొలగించాలి. ఫలకం ముదిరినకొద్దీ ఆ పని కుంటుపడుతుంది. మృతకణాల శిథిలాలు, విడుదలైన కొవ్వు, స్ఫటికాలు కలిసి ఫలకం నడుమ మెత్తని ముద్దగా మారతాయి. గ్రీకు పేరులోని అంబలి ఇదే.

దీనిపై మృదుకండర కణాలు పీచు పదార్థంతో కప్పు కడతాయి. కప్పు మందంగా ఉన్నంతకాలం ఫలకం నిలకడగా ఉంటుంది. భక్షక కణాలు విడుదల చేసే ప్రోటీను ఛేదక ఎంజైములు ఆ కప్పును లోపలినుండి తినివేస్తాయి. కప్పు మందం 65 మైక్రోమీటర్ల కన్నా తగ్గిన ఫలకాలు పగిలే ప్రమాదం ఎక్కువని శవపరీక్షల ద్వారా తెలిసింది. కప్పు పగిలితే లోపలి పదార్థం రక్తానికి తగులుతుంది. వెంటనే గడ్డ కట్టి నిమిషాలలో నాళం మూసుకుపోవచ్చు. గుండెపోటులలో అధికభాగం ఇలా వచ్చేవే.

ఇందువల్ల 'ఎంత పేరుకుంటే అంత ప్రమాదం' అనే భావన కూడా నిలవదు. గుండెపోటుకు ముందు తీసిన నాళ చిత్రాలను 1988లో పరిశీలించినప్పుడు, తర్వాత మూసుకుపోయిన చోట్లలో చాలావాటిలో అంతకుముందు సగం సంకోచం కూడా లేదని తేలింది. 'పూడిక ముప్పై శాతమే' అన్న వాక్యం నాళం వెడల్పును చెబుతుంది. కప్పు మందాన్ని చెప్పదు.

ఈ స్థితికి తెలుగువారి అనుభవంలో దగ్గరి పోలిక సెగగడ్డ. సెగగడ్డలో తెల్ల కణాలు మూగుతాయి, మరణించి చీముగా మారతాయి, పై చర్మం పలుచబడి గడ్డ పగులుతుంది. పరిమాణం కన్నా అది 'పండటం' ముఖ్యమని పల్లెలో అందరికీ తెలుసు. ఫలకంలోనూ ఇదే క్రమం. పోలికకు హద్దులు ఉన్నాయి. ఫలకానికి బాక్టీరియా మూలం కాదు, దానిని కోసి శుభ్రం చేయలేము, అది నొప్పి లేకుండా దశాబ్దాలపాటు పండుతుంది. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల శవపరీక్షలను 1953లో ప్రచురించినప్పుడు, సగటున 22 ఏళ్ళ ఆ యువకులలో 77 శాతం మంది గుండె ధమనులలో వ్యాధి లక్షణాలు కనిపించాయి. సెగగడ్డ పోలిక ఒక విషయాన్ని మాత్రం స్పష్టం చేస్తుంది: ఇది సజీవ కణాల వ్యాధి.

8. చికిత్సకు అర్థం:

హైదరాబాదులో ఏ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణులు బి. సోమరాజుల కృషితో 1998లో తక్కువ ఖర్చుతో రూపొందిన 'కలాం-రాజు స్టెంట్' తెలుగు నేలపై హృద్రోగ చికిత్సలో ఒక మైలురాయి. 2007లో ఆరోగ్యశ్రీ పథకం ప్రారంభమైన తర్వాత గుండె చికిత్సలు పేద కుటుంబాలకూ అందుబాటులోకి వచ్చాయి. ఈ చికిత్స సామాన్యుల మాటలలో 'పూడిక తీయడం' అయింది. నిజానికి స్టెంట్ దేనినీ తీయదు. బుడగతో ఫలకాన్ని గోడ వైపు నొక్కి, లోహపు జాలిని ఆనించి దారిని తెరిచి ఉంచుతుంది. గుండెపోటు సమయంలో ఇది ప్రాణం నిలుపుతుంది. అయితే భక్షక కణాలు ఉన్నచోటనే ఉంటాయి. మిగతా ధమనులలోని ఫలకాలను స్టెంట్ తాకదు. నిలకడగా ఉన్న వ్యాధిలో మందులతో పాటు స్టెంట్ లేదా బైపాస్ చేసినవారికి, ముందుగా మందులతోనే చికిత్స పొందినవారికి మధ్య మరణాలలో తేడా కనిపించలేదని, 5,179 మందిపై జరిగిన 'ఇస్కీమియా' పరీక్ష 2020లో ప్రకటించింది.

'పూడిక తీసేశారు కదా, ఇంక మాత్రలెందుకు' అనే ప్రశ్న ఇక్కడ పుడుతుంది. చెరువు తర్కం ప్రకారం అది సహేతుకమైన ప్రశ్న. ధమని తర్కం ప్రకారం ప్రాణాంతకమైనది. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1970లలో ఒక బూజు నుండి వేరుచేసిన పదార్థంతో స్టాటిన్ల చరిత్ర మొదలైంది. 1987లో తొలి స్టాటిన్ విపణిలోకి వచ్చింది. ఇవి కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గిస్తాయి. ఆ లోటు తీర్చుకోవడానికి కాలేయ కణాలు ఎల్.డి.ఎల్. గ్రాహకాలను పెంచి, రక్తంలోని కణికలను లాగివేస్తాయి. గోడలోకి చేరేవి తగ్గుతాయి, భక్షక కణానికి మేత తగ్గుతుంది, కప్పు గట్టిపడే అవకాశం కలుగుతుంది. ఎల్.డి.ఎల్. డెసిలీటరుకు సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి ప్రధాన సంఘటనలు దాదాపు ఐదోవంతు తగ్గుతాయని పలు పరీక్షల ఉమ్మడి విశ్లేషణ తెలిపింది. మాత్ర ఏది, మోతాదు ఎంత, ఎప్పుడు మార్చాలి అన్నది వైద్యులు నిర్ణయించవలసిన విషయం. ఆపడం కూడా అటువంటి నిర్ణయమే.

కొలెస్టరాల్‌ను తాకకుండా కణాల ఉద్రేకాన్ని మాత్రమే తగ్గిస్తే ఏమవుతుంది? గతంలో గుండెపోటు వచ్చిన 10,061 మందిపై జరిగిన 'క్యాంటోస్' పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే మందు 150 మిల్లీగ్రాముల మోతాదులో ప్రధాన హృద్రోగ సంఘటనలను 15 శాతం తగ్గించింది. ఎల్.డి.ఎల్. మాత్రం తగ్గలేదు. ఆ మందు వల్ల ప్రాణాంతకమైన అంటురోగాలు కొంత పెరగడంతో అది ఈ వ్యాధికి సాధారణ చికిత్స కాలేకపోయింది. కాని సిద్ధాంతం రుజువైంది: ధమనీ వ్యాధిలో రక్షక కణాలు ప్రేక్షకులు కావు, పాత్రధారులు. మట్టి పూడికకు ఇటువంటి మందు ఉండటం ఊహకు అందదు.

9. ఉపసంహారం:

పై వివరణను బట్టి 'పూడిక' మోసుకువచ్చిన నాలుగు భావనలను ఇలా సవరించుకోవచ్చు.

అ) కొవ్వు రక్తమార్గంలో తనంతట తాను కూర్చోదు. గోడ లోపల చిక్కుబడి, రూపం మారి, కణాలచేత మింగబడుతుంది.
ఆ) ఫలకం నిర్జీవం కాదు. అందులో కణాలు వస్తుంటాయి, తింటాయి, పంపుతాయి, మరణిస్తాయి.
ఇ) ప్రమాదాన్ని నిర్ణయించేది పరిమాణం ఒక్కటే కాదు. కప్పు మందం, లోపలి కణాల ఉద్రేకం కూడా.
ఈ) నాళాన్ని తెరవడంతో వ్యాధి ముగియదు. రక్తంలోని ఎల్.డి.ఎల్. తగ్గినంతకాలమే గోడ కుదుటపడుతుంది.

వ్యవహారంలో వేళ్ళూనిన మాటను శాసనంతో తొలగించలేము, తొలగించనక్కరలేదు. నాళం ఇరుకైనదని చెప్పవలసిన సందర్భంలో 'పూడిక' పనికివస్తుంది. వ్యాధి స్వభావాన్ని చెప్పవలసిన చోట మాత్రం పాఠ్యపుస్తక రచయితలు, పత్రికా అనువాదకులు 'భక్షక కణం', 'నురగ కణం', 'ఫలకం కప్పు', 'పగులు' వంటి మాటలను ధైర్యంగా వాడవచ్చు. ఇవి తెలుగు పాఠకునికి కొరుకుడుపడని మాటలు కావు. వైద్య పరిభాషను నిర్మించేటప్పుడు పదం సులభంగా ఉన్నదా అన్న ప్రశ్నతో పాటు, ఆ పదం విన్న మనిషి తర్వాత ఏమి చేస్తాడు అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. స్టెంట్ వేయించుకొని ఇంటికి వెళ్ళిన వ్యక్తి మాత్ర వేసుకుంటాడా, మానేస్తాడా అన్నది కొంతవరకు అతనికి మనం ఇచ్చిన మాటపై ఆధారపడి ఉంటుంది.